పెట్రోలు దారి: నిలిచిపోయిన పాత కార్ల చుట్టూ తెగని వాదనలు

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన కారును మళ్లీ రోడ్డెక్కించేటప్పుడు ఇంజిను దగ్గర పెద్ద తగవు రాదు. పిస్టన్లు పట్టేశాయో లేదో క్రాంకు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. కంప్రెషన్ గేజి పెడితే మిగతా లెక్క తేలుతుంది. బ్రేకుల సంగతీ అంతే, వాషర్లూ హోసులూ మార్చాల్సిందే అనడంలో రెండో మాట లేదు. వాదనంతా ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా సాగే పెట్రోలు దారి దగ్గర మొదలవుతుంది. తుప్పును యాసిడ్‌తో వదిలించాలా, గులకరాళ్లు వేసి ఊపాలా? ట్యాంకు లోపల పూత పూయించడం మేలా, కీడా? పాత పంపుకు డయాఫ్రం మారిస్తే సరిపోతుందా, ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోవాలా? ఒక్కో షెడ్డులో ఒక్కో జవాబు వస్తుంది. ప్రతి జవాబు వెనుకా నిజంగా నడిచిన బండి ఒకటి ఉంటుంది.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా బంకుల్లోకి వచ్చాక వాదన ఇంకా చిక్కుపడింది. రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపి ఒకే ప్రశ్నగా అడగడమే ఈ చిక్కుకు మూలం. ఇన్నేళ్లు నిలిచినందువల్ల జరిగిన నష్టాన్ని ఎలా బాగుచేయాలన్నది మొదటి ప్రశ్న. ఇకపై దొరికే పెట్రోలును తట్టుకునేలా ఆ దారిని ఎలా సిద్ధం చేయాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు చాలావరకు తేలిపోయింది. రెండోది తేలలేదు. మొదటిదానికి చెప్పాల్సిన జవాబును రెండోదానికి చెప్పడం వల్లే మంచి ట్యాంకులు పూతలకు, మంచి కార్బరేటర్లు తుక్కు కొట్లకు బలవుతున్నాయి.

ఏ బండ్లు, ఏ లోహాలు

తెలుగు ఊళ్లలో ఇళ్ల వెనుకా సెల్లార్లలో నిలిచిన పాత కార్లలో తరచూ కనిపించేవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800. అక్కడక్కడా మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఉంటుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టిన అంబాసిడర్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజిను కొన్ని తరాల మెకానికులకు చదువు చెప్పింది. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, తర్వాత పద్మినిగా పేరు మారిన కారుది 1089 సీసీ. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 చాలాకాలం కార్బరేటర్‌తోనే నడిచి, 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్‌ఐకి, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతికి మారింది.

ఈ బండ్లు నిలిచిపోవడానికి కారణాలు అందరికీ తెలిసినవే. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. నడిపిన పెద్దాయన కన్నుమూస్తారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడతారు. అమ్మబుద్ధి కాదు, నడిపేవారుండరు. అలా పదేళ్లు గడిచిపోతాయి.

ఇవి తయారైన నాటికి దేశంలో అమ్మిన పెట్రోలు వేరు. అందులో సీసం ఉండేది. సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో మొదలై 2000 నాటికి దేశమంతటికీ చేరింది. ఇథనాల్ మాటే అప్పట్లో లేదు. అందుకే ఆనాటి పెట్రోలు దారిలో వాడిన పదార్థాలను ఆనాటి పెట్రోలును బట్టే ఎంచుకున్నారు: ఉక్కు రేకు ట్యాంకు, కార్కు గాస్కెట్లు, మామూలు రబ్బరు గొట్టాలు, గుడ్డకు రబ్బరు పట్టించిన పంపు డయాఫ్రం, జింకు మిశ్రమంతో పోతపోసిన కార్బరేటర్ ఒళ్లు, అందులో ఇత్తడి జెట్లు, ఇత్తడి ఫ్లోటు. నిలిచిన కాలంలో వీటిలో ఒక్కొక్కటి ఒక్కో తీరుగా పాడవుతుంది. మందు కూడా ఒకటే కాదు.

నిలిచిన పెట్రోలులో ఏం జరుగుతుంది

పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల కలయిక. వాటిలో తేలికపాటివి ముందుగా ఆవిరైపోతాయి. చల్లని ఇంజిను అందుకోవడానికి కావాల్సినవి అవే. మిగిలినవాటిలో ఓలెఫిన్ల వంటివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదట జిగురుగా, తర్వాత గట్టి వార్నిష్‌గా మారతాయి. మూత తీయగానే పాత రంగు డబ్బా వాసన వచ్చిందంటే ఈ పని పూర్తయినట్టే. రాగి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. తుప్పు పట్టదు కదా అని కొందరు రాగి గొట్టాలు వేయిస్తారు. బండి రోజూ నడుస్తుంటే దాంతో ఇబ్బంది కనిపించదు. నెలల తరబడి నిలిచే బండికి మాత్రం అది మంచి ఎంపిక కాదు. పైగా అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది. రాగి, నికెల్ మిశ్రమం గొట్టాలు ఈ విషయంలో మేలు.

ట్యాంకులో పెట్రోలు ఉన్నంతమేర ఉక్కుకు రక్షణ ఉంటుంది. తుప్పు మొదలయ్యేది పైన ఖాళీగా ఉన్న చోట. పగటి వేడికీ రాత్రి చలికీ ట్యాంకు గాలిని వదులుతూ పీలుస్తూ ఉంటుంది. ఆ గాలిలోని తేమ రేకు మీద చెమ్మగా దిగి, కిందికి జారి, పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. అందుకే తుప్పు ఎక్కువగా రెండు చోట్ల కనిపిస్తుంది. పైకప్పు అంతా పలుచగా, అడుగున మాత్రం గుంటలు గుంటలుగా. పైది చూసి భయపడాల్సిన పని లేదు. అడుగున గుంటలు ఎంత లోతున్నాయన్నదే ట్యాంకు తలరాతను తేలుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు బండ్లకు బయటి నుంచి ఉప్పుగాలి దెబ్బ కూడా తోడవుతుంది.

ఇక్కడ ఒక విషయంలో ఏ వర్గానికీ భేదాభిప్రాయం లేదు. పాత పెట్రోలుతో సెల్ఫ్ కొట్టి చూడకూడదు. ఒక్కసారి పంపు తిరిగితే ట్యాంకు అడుగున ఉన్న మడ్డి గొట్టంలోకి, పంపులోకి, ఫ్లోటు గిన్నెలోకి చేరిపోతుంది. ఒక చోట ఉన్న జబ్బు నాలుగు చోట్లకు పాకుతుంది. ఇంజిను నడుస్తుందో లేదో చూసుకోవాలంటే విడిగా చిన్న డబ్బాలో కొత్త పెట్రోలు పెట్టి, కొత్త గొట్టంతో నేరుగా కార్బరేటర్‌కు ఇచ్చి చూడటమే సరైన పద్ధతి.

తుప్పు వదిలించే దారులు

అన్నిటికంటే పాతది ఊపుడు పద్ధతి. ట్యాంకులో గులకరాళ్లో నట్లో గొలుసు ముక్కో వేసి, కిరోసిన్ పోసి, గంటల తరబడి ఊపుతారు. మోటారు సైకిలు ట్యాంకుకు ఇది బాగా కుదురుతుంది. కారు ట్యాంకులో చిక్కు వస్తుంది. పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుండా లోపల అడ్డురేకులు ఉంటాయి. గొలుసు వాటిని దాటదు, మూలల్లోకి చేరదు, కొన్నిసార్లు బయటికీ రాదు. పొలుసు తుప్పు రాలుతుంది గానీ గుంటల్లోది అలాగే ఉంటుంది. కాబట్టి ఇది మొదటి మెట్టుగా పనికొస్తుంది, అదొక్కటే చాలదు.

రెండోది యాసిడ్. బాత్రూములు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ చవక, వేగం. నిమిషాల్లో రేకు తెల్లబడుతుంది. ఆ వేగమే దాని ప్రమాదం. తుప్పుతో పాటు మంచి రేకునూ తింటుంది, అతుకుల్లో మిగిలిన క్లోరైడు వారాల్లోనే కొత్త తుప్పును తెస్తుంది. ఎంతో మంది మేస్త్రీలు దశాబ్దాలుగా వాడుతున్నా, ఈ పద్ధతిని సమర్థించడం కష్టం. ఫాస్ఫారిక్ యాసిడ్ దానికంటే నెమ్మది, మేలు. తుప్పును కరిగిస్తూనే రేకు మీద ఐరన్ ఫాస్ఫేట్ పొరను వదులుతుంది కాబట్టి కొంతకాలం రక్షణ ఉంటుంది. ఇంకా మెత్తనిది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. వేడి నీళ్లలో కలిపి ఒకటి రెండు రోజులు ఉంచితే మధ్యరకం తుప్పు పోతుంది. కిరాణా కొట్టులో దొరుకుతుంది, చేతులకు పెద్ద హాని ఉండదు, కడగడం సులువు. ఇంట్లో పని చేసుకునేవారికి మొదటి ప్రయత్నంగా సూచించదగినది ఇదే.

మూడోది కరెంటు పద్ధతి. ట్యాంకులో బట్టల సోడా కలిపిన నీళ్లు నింపి, రేకుకు తగలకుండా లోపలికి ఒక ఇనుప కడ్డీ దించి, బ్యాటరీ ఛార్జరు నెగటివ్‌ను ట్యాంకుకూ పాజిటివ్‌ను కడ్డీకీ కలుపుతారు. ఈ పద్ధతిలో మంచి లోహం తరగదు. కానీ కడ్డీకి ఎదురుగా ఉన్న చోటే పని జరుగుతుంది. అడ్డురేకుల వెనుక కరెంటు సరిగా పారదు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్లలో చేరతాయి. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఏది వాడినా హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూసిన గదిలో, నిప్పు దగ్గర ఈ పని చేయరాదు.

నాలుగోది తుప్పును పట్టుకుని విడదీసే ద్రావణాల దారి. విదేశాల్లో డబ్బాల్లో అమ్మే ఖరీదైన ద్రవాలున్నాయి. ఆస్ట్రేలియాలో పాత బండ్లవారు చక్కెర మిల్లు మొలాసిస్‌ను సుమారు తొమ్మిది పాళ్ల నీటిలో కలిపి ఇనుప భాగాలను వారం రెండు వారాలు నానబెడతారు. వాసన భరించలేం గానీ పని శుభ్రంగా జరుగుతుంది. చక్కెర మిల్లులున్న జిల్లాల్లో ఇది ప్రయత్నించదగ్గదే. అయితే జింకు, అల్యూమినియం భాగాలను ఇందులో ముంచకూడదు.

పోల్చి చూస్తే ఖర్చులో రాళ్లూ నిమ్మ ఉప్పూ తక్కువ, వేగంలో హైడ్రోక్లోరిక్ ముందు, రేకు భద్రతలో కరెంటు, మొలాసిస్ ముందు. దాగిన మూలలను చేరడంలో ద్రవ పద్ధతులన్నీ రాళ్ల కంటే నయం. ఏ దారిలో వెళ్లినా చివరి అరగంటే పనిని నిలబెడుతుంది. కడిగిన పచ్చి ఉక్కు గాలి తగిలిన నిమిషాల్లో మళ్లీ పసుపు రంగు తిరుగుతుంది. యాసిడ్‌ను సోడా నీటితో చంపి, వెంటనే వేడిగాలి కొట్టి ఆరబెట్టి, పలుచగా నూనె తిప్పి, ఆ నూనెను పెట్రోలుతో కడిగి ట్యాంకును నింపేయాలి. తుప్పు మళ్లీ వచ్చిందని ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువమంది విఫలమైనది ఈ దశలోనే.

రంధ్రాలున్న ట్యాంకు సంగతి వేరు. రేడియేటర్ పనివారు వాటిని ఆవిరితో ఉడికించి సోల్డర్ పెట్టడం పాత అలవాటు. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం దాకా పెట్రోలు ఆవిరి ఉంటే అది పేలుతుంది. ఖాళీ ట్యాంకులో తరచూ ఉండేది ఆ పాళ్లే. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం అనడం అతిశయోక్తి కాదు. నాలుగేళ్లుగా ఎండిపోయిన ట్యాంకు కూడా వేడి తగలగానే జిగురులోంచి ఆవిరిని వదులుతుంది. వెల్డింగు పనిని ఇంట్లో ఎవరూ తలపెట్టకూడదు.

లోపలి పూత: అన్నిటికంటే పెద్ద తగవు

ట్యాంకు కడిగాక లోపల ఎపాక్సీ లాంటి పూత పోసి, అన్ని వైపులా తిప్పి, ఆరనివ్వడం మోటారు సైకిళ్ల లోకంలో మొదలై కార్లకు పాకింది. సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. సూదిబెజ్జాలు మూసుకుపోతాయి, తుప్పుకు గాలి అందదు, కొత్త ట్యాంకు దొరకని బండికి ఇదే గతి. స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి బండి విషయంలో ఈ మాటకు బరువుంది. దాని ట్యాంకు చెన్నైలోని పాత విడిభాగాల బజారు పుదుప్పేటలోనూ సులభంగా దొరకదు.

వ్యతిరేకించేవారి దగ్గరా గట్టి సాక్ష్యముంది. పూత పట్టేది శుభ్రమైన, ఎండిన, గరుకైన లోహానికే. అడ్డురేకుల వెనుక ఆ మూడూ కుదరడం అరుదు. పట్టని చోట పూత పొరలుగా లేచి, ముక్కలై, పెట్రోలు తీసుకునే గొట్టం నోట్లో అడ్డుపడుతుంది. పాతకాలపు పూతల్లో కొన్నింటిని ఆల్కహాలు మెత్తబరుస్తుంది. అమెరికాలో సొంతంగా చిన్న విమానాలు కట్టుకునేవారు ట్యాంకుల్లో పోసిన పూతలు ఇలాగే లేచి ఇంధనానికి అడ్డం పడటంతో వాటిని మానుకున్నారు. పూత ఒకసారి చెడితే తీయడం తుప్పు తీయడం కంటే కష్టం.

రెండు వాదాలనూ పక్కపక్కన పెడితే తీర్పు ఒకవైపే మొగ్గుతుంది. రేకు గట్టిగా ఉన్న ట్యాంకుకు పూత అక్కర్లేదు, దానివల్ల వచ్చే లాభం కంటే ముప్పు ఎక్కువ. రేకు చిల్లులు పడి, మరో ట్యాంకు దొరకని బండికి మాత్రమే పూత సరైనది. అప్పుడైనా ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీ రకమే వాడాలి. అంబాసిడర్, పద్మిని విషయంలో మూడో దారి ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల వెతికితే మంచి పాత ట్యాంకు దొరికే అవకాశం ఎక్కువ. లేదంటే కొలతలు తీసి స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తది కట్టించుకోవచ్చు. జీఐ రేకుతో కట్టించడం మాత్రం పొరపాటు. దాని మీది జింకును ఇథనాల్, అందులోని తేమ కలిసి తినేసి, తెల్లపొడిగా ఫిల్టర్‌లోకి పంపుతాయి.

పంపు, గొట్టాలు

రబ్బరు విషయంలో చర్చకు తావు లేదు. చూడటానికి బాగున్నా ప్రతి గొట్టం, ప్రతి గాస్కెట్టు, ప్రతి డయాఫ్రం మార్చాల్సిందే. కొత్తవి ఫ్లోరో రబ్బరుతో, అంటే వైటాన్ రకంతో చేసినవైతే ఇథనాల్ భయం ఉండదు. గొట్టం మీద ఎస్ఏఈ జే30ఆర్9 అన్న గుర్తు ఉంటే లోపలి పొర ఆ రకానిదే. రోడ్డు పక్కన మీటర్ల లెక్కన అమ్మే గుర్తు లేని నల్ల గొట్టం ఇంజిను పక్కన నిప్పుకు కారణమవుతుంది. ఈ ఒక్క వస్తువు దగ్గర పొదుపు కూడదు.

పంపు దగ్గరికి వస్తే రెండు వర్గాలు నిలబడతాయి. పద్మిని వంటి బండ్లలో ఇంజిను నడిపే మెకానికల్ పంపు ఉంటుంది. అది కార్బరేటర్‌కు కావాల్సిన రెండు నుంచి నాలుగు పీఎస్ఐ ఒత్తిడిని ఏ కరెంటూ లేకుండా ఇస్తుంది, ఇంజిను ఆగగానే ఆగిపోతుంది. ప్రమాదంలో ఈ చివరి గుణం ప్రాణాలు కాపాడుతుంది. దాని లోపం కూడా తీవ్రమైనదే. డయాఫ్రం చిరిగితే పెట్రోలు లోపలికి కారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడ్డ ఆయిలుతో బేరింగులు అరుగుతాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడటం నిలిచిన బండి విషయంలో మొదటి రోజు చేయాల్సిన పని.

ఎలక్ట్రిక్ పంపు వర్గం తెలుగు నేల ఎండలను సాక్ష్యంగా చూపిస్తుంది. ఇంజినుకు అతుక్కుని ఉన్న పంపు మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పెట్రోలును ఆవిరి చేస్తుంది. పంపు గాలిని లాగుతూ నిలిచిపోతుంది. అంబాసిడర్, ఫియట్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసుకుని నడిపిన రోజులు చాలామందికి గుర్తే. పంపును ట్యాంకు దగ్గరకు మార్చితే పెట్రోలును లాగడం మాని నెడుతుంది కాబట్టి ఈ బెడద తగ్గుతుంది. వాదన బలమైనదే గానీ రెండు షరతులు తప్పనిసరి. ఎంపీఎఫ్‌ఐ బండి పంపు సుమారు 40 పీఎస్ఐ ఇస్తుంది, దాన్ని కార్బరేటర్‌కు కలిపితే నీడిల్ వాల్వు నిలవలేక పెట్రోలు పొంగి వేడి మేనిఫోల్డ్ మీద పడుతుంది. రెండోది, బండి గుద్దుకున్నా ఇంజిను ఆగినా పంపు దానంతటదే ఆగే స్విచ్చు ఉండాలి. ఆ స్విచ్చు లేకుండా పెట్టిన ఎలక్ట్రిక్ పంపు కంటే తడిగుడ్డే మేలు.

అసలు రూపం కాపాడాలనేవారు మూడో మాట అంటారు. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్, వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసీ, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు ఉండకూడదని అందులో ఉంది. పంపు మార్పు దానికి అడ్డు రాకపోవచ్చు గానీ, పాత పంపును పారేయకుండా దాచుకోవడంలో నష్టం లేదు.

కార్బరేటర్

ఇక్కడ తొందరపాటే అసలు శత్రువు. గుర్తు లేని కంపెనీల నకలు కార్బరేటర్లు చవకగా దొరుకుతున్నాయి. వాటిలో జెట్ల మీద అంకె ఒకటి, రంధ్రం కొలత మరొకటి. పాత సోలెక్స్ లేదా ఎస్‌యూ కార్బరేటర్‌ను విప్పి, కడిగి, గాస్కెట్లూ నీడిల్ వాల్వూ యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమూ మారిస్తే చాలావరకు అదే మెరుగ్గా నడుస్తుంది. థ్రాటిల్ షాఫ్టు వదులై గాలి లాగుతుంటే బుష్ వేయించవచ్చు. జింకు ఒళ్లు లోపలి దారుల్లో తెల్లగా తినేసి ఉంటే మాత్రం దాన్ని వదిలేసి మరో పాత కార్బరేటర్ చూసుకోవాలి.

కడిగే తీరులో తప్పులు ఎక్కువ. ఘాటైన యాసిడ్ గానీ కాస్టిక్ సోడా గానీ జింకు మిశ్రమాన్ని తినేస్తాయి. జెట్టులో తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై బండి జీవితాంతం ఎక్కువ తాగుతుంది. కార్బరేటర్ క్లీనరులో నానబెట్టి, గాలి కొట్టి, అవసరమైతే అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టడం సురక్షితమైన దారి. ఇత్తడి ఫ్లోటును వేడినీటిలో ముంచితే బుడగలు వచ్చే చోట చిల్లున్నట్టు.

ఎంపీఎఫ్‌ఐ బండ్ల వాదన ఇంకా చిన్నది, కానీ పెరుగుతోంది. 2000 తర్వాతి మారుతి, శాంట్రో వంటివి ఇప్పుడు పాతికేళ్లకు చేరాయి. వాటి పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. తాళం తిప్పగానే అది తిరిగి మడ్డిని ఇంజెక్టర్లకు పంపుతుంది. కాబట్టి ట్యాంకు దించి చూసేదాకా ఆ బండికి తాళం పెట్టకపోవడమే మంచిది.

ఇథనాల్ వచ్చాక

పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. పదేళ్ల తర్వాత, 2013–14లో కూడా సగటు కలయిక 1.53 శాతమే. తర్వాత వేగం పుంజుకుని 2022 జూన్‌కు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025లో దేశమంతటా 20 శాతం లక్ష్యం అందింది, మొదట 2030కి పెట్టుకున్న గడువుకు ఐదేళ్లు ముందుగానే. 2010లో షెడ్డులోకి వెళ్లిన కారు ఈ మార్పులో దాదాపు దేన్నీ చూడలేదు. బయటికి రాగానే దానికి దొరికేది నేరుగా ఈ20.

ప్రభుత్వ పక్షం వాదన తేలికగా కొట్టివేయదగ్గది కాదు. చమురు దిగుమతి తగ్గుతుంది, రైతుకు డబ్బు చేరుతుంది, ఆక్టేన్ పెరుగుతుంది. వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, ఇండియన్ ఆయిల్ పరిశోధన విభాగం వంటి సంస్థల పరీక్షల్లో పాత బండ్లకు చెప్పుకోదగ్గ హాని కనబడలేదని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. 20 నుంచి 30 వేల కిలోమీటర్లు నడిచాక కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కూడా అదే ప్రకటనలో ఒప్పుకుంది. ఈ0కు తయారై ఈ10కు సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక ముందే చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలంటూ వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది.

పాత బండ్లవారి ఆందోళనలో కొంత భాగం భయం, కొంత భాగం లెక్క. లెక్క చూద్దాం. ఒక పాలు పెట్రోలు మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లే చాలు. ఈ20కి సుమారు 13.5. ఎంపీఎఫ్‌ఐ బండిలో ఆక్సిజన్ సెన్సారు ఈ తేడాను కొంతమేర సర్దుతుంది. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. కాబట్టి మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడి, పికప్‌లో తడబాటు, వేడి పెరుగుతాయి. మెయిన్ జెట్టును ఒకటి రెండు సైజులు పెంచితే ఇది సర్దుకుంటుంది. దీన్ని పెద్ద ఆపదగా చూడనక్కర్లేదు.

అసలు సమస్య నిల్వలో ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. 10 శాతం కలిసిన పెట్రోలు చల్లని వేళ సుమారు అర శాతం నీటిని కలుపుకోగలదు. అది దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. 20 శాతం కలిసినది ఇంకొంచెం ఎక్కువ నీటిని మోయగలదు కాబట్టి విడిపోవడం ఆలస్యమవుతుంది, కానీ విడిపోతే అడుగున చేరే పొర మరింత మందంగా ఉంటుంది. ఆ పొర కరెంటును పారనిస్తుంది. జింకు ఒంట్లో బిగించిన ఇత్తడి జెట్టు దగ్గర తుప్పు మొదలవడానికి అంతే చాలు. రోజూ నడిచే బండికి ఈ దశ రాదు, వారాల్లోనే ట్యాంకు ఖాళీ అవుతుంది. నెలకోసారి బయటికి తీసే పాత కారుకు వచ్చే ముప్పు ఉంది. ప్రభుత్వ ప్రకటనల్లో వినిపించే లెక్కలన్నీ నడిచిన కిలోమీటర్ల లెక్కలే. నిలిచిన నెలల లెక్క ఎక్కడా వినిపించదు. ప్రభుత్వం, పాత బండ్లవారు ఒకరి మాట ఒకరికి అందకుండా వాదించుకోవడానికి కారణం ఇదే.

బయటి దేశాల అనుభవం రెండు పాఠాలు ఇస్తుంది. 1975లో ప్రోఆల్కూల్ అనే ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టిన బ్రెజిల్ ఇథనాల్ కార్లకు కార్బరేటర్ల లోపల నికెల్ పూత పూయించింది, అంటే పదార్థం మార్చాలని ముందే గుర్తించింది. బ్రిటన్ 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలును ఈ10 చేసినప్పుడు, పాత బండ్ల కోసం సూపర్ గ్రేడును ఈ5గానే ఉంచింది.

తేలనివి, చేయదగినవి

ఇంకా తేలని విషయాలు మూడు. ఈ20 నిండిన ట్యాంకు మన వానాకాలపు తేమలో ఎన్ని నెలలు క్షేమంగా నిలుస్తుందన్నది ఒకటి. కార్బరేటర్ జింకు మీద తుప్పును ఆపుతామనే సీసాల మందులు 20 శాతం దగ్గరా పనిచేస్తాయా అన్నది రెండోది. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా ఆలోచించింది 5, 10 శాతాల గురించే. రాణిగంజ్‌లోనూ పుదుప్పేటలోనూ వైటాన్ పేరుతో అమ్ముతున్న కిట్లలో ఎన్ని నిజంగా ఆ రబ్బరువన్నది మూడోది.

ఈలోగా బండి బాగుచేస్తున్నవారు వరస తప్పకుండా ఉంటే చాలా నష్టం తప్పుతుంది. ముందు ట్యాంకు, తర్వాత గొట్టాలు, తర్వాత పంపు, చివర కార్బరేటర్. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒక ఫిల్టరు, పంపుకూ కార్బరేటర్‌కూ మధ్య మరొకటి. ఇథనాల్ పాత జిగురును కరిగిస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకుల దాకా ఫిల్టర్లను తరచూ మార్చాలి. నెల దాటి నిలపాల్సి వస్తే కార్బరేటర్‌లోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజిను నడిపి ఆపాలి. ట్యాంకును సగం వదలకుండా పూర్తిగా నింపడమో పూర్తిగా ఖాళీ చేయడమో చేయాలి. తీసిన పాత పెట్రోలును కాలువలో పోయకూడదు.

మిగిలింది చమురు కంపెనీలు చేయాల్సిన పని. ప్రతి పంపు మీద ఇథనాల్ శాతం పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. 100 ఆక్టేన్ పెట్రోలును ఇథనాల్ లేదన్న నమ్మకంతో ఎక్కువ ధర పెట్టి కొంటున్నవారికి, అందులో ఏముందో బిల్లు మీదే చెప్పాలి. బ్రిటన్ చేసినట్టు ప్రతి జిల్లా కేంద్రంలో కనీసం ఒక బంకులోనైనా 5 శాతం లోపు ఇథనాల్ ఉన్న పెట్రోలును మామూలు ధరకు దగ్గరగా అమ్మాలి.